మూలముల్లు

నూకరత్నానికి మనసు చివుక్కుమంటే అది ఆవిడ సొంత వ్యవహారం కాదు, ప్రభుత్వానిది. ఎంత చివుక్కుమందో ఇత్తడి పళ్ళెం మీద ఒక ముల్లు తిరిగి చూపిస్తుంది. ఆ ముల్లు అరవై దాటిందా, అలాంటి మాట రాష్ట్రంలో ఏ ఫోన్లోనూ కనపడకూడదు. దాటలేదా, దాన్ని తియ్యడానికి కంపెనీవాడికీ హక్కు లేదు, మంత్రికీ హక్కు లేదు. చట్టం అలా ఉంది మరి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఈ చట్టం రాకముందు పరిస్థితి కుక్కలు చింపిన విస్తరి. ఎవరో ఆడపిల్ల మొహాన్ని ఇంకెవరి ఒంటికో అతికించి ఊరూరా తిప్పితే, తియ్యండి బాబూ అని ఆ పిల్ల తండ్రి ఎన్ని అర్జీలు పెట్టుకున్నా కంపెనీవాళ్ళు చెవిన పెట్టేవారు కాదు. చూసేవాళ్ళు పెరిగితే వాళ్ళకే కదా లాభం. అదే, మా ఊరి రోడ్డు గుంతలు పడిందని ఎవడైనా ఫొటో పెడితే పైనుంచి ఒక్క ఫోన్ వచ్చేది, తెల్లారేసరికి ఫొటో మాయం. ఏది ఉంచాలో ఏది తియ్యాలో మనుషులు చెప్తే మొహం చూసి చెప్తున్నారు, కాబట్టి మొహం చూడనిదేదో చెప్పాలని పెద్దలు తేల్చారు. కిలో అంటే ఎంతో ఎవరైనా ఫోన్ చేసి మార్చగలరా? మాట చేసే గాయాన్నీ అలాగే తూద్దాం అన్నారు.

తూచడానికి యంత్రం దొరికింది. నరాల మీద పరిశోధన చేసే కుర్రాళ్ళెవరో తలకి పట్టీ, మణికట్టుకి దారాలు కట్టి, మనిషికి కలిగే బాధని అంకెలోకి మార్చడం కనిపెట్టారు. నోరు నవ్వుతున్నా నరం నిజం చెప్పేస్తుంది. మిగిలిన ప్రశ్న ఒక్కటే, ఎవరి బాధ అని. ఒకడికి 'పోవోయ్' అంటేనే పౌరుషం పొడుచుకొస్తుంది, ఇంకొకడు చెప్పుతో కొట్టినా దులుపుకుని పోతాడు. వేలమందిని కూర్చోబెట్టి అవే తిట్లు, అవే బొమ్మలు చూపించి లెక్కకడితే, అందరి బాధలకీ సరిగ్గా నడిమధ్యన తేలిన మనిషి అనకాపల్లి డిపోలో బస్సు కండక్టరు నూకరత్నం. బళ్ళో చదివినన్నాళ్ళూ సగం మార్కులే తెచ్చుకుంది, ఆఖరికి దానికే ఉద్యోగమిచ్చారని ఆవిడ మొగుడు సన్నాసినాయుడు డిపో అంతటినీ నవ్వించాడు.

అలా ఆవిడ మూలముల్లు అయింది. విశాఖలో కొండవాలున మాటకొలత కార్యాలయం కట్టారు. ప్రతి కంపెనీ దగ్గరా ఒక పిల్లముల్లు ఉంటుంది, అంటే ఆవిడ నరాలకి నకలుగా చేసిన యంత్రం. రోజూ వచ్చిపడే లక్షల మాటల్ని అవే తూస్తాయి. నెలకోసారి వాటిని తెచ్చి ఆవిడతో సరిచూసి ముద్ర వేస్తారు. పిల్లముల్లు తీసేసినదాని మీద ఎవరైనా అప్పీలు చేసుకుంటే ఆఖరి తూకం నూకరత్నం ముందే. ఆవిడ దాటాక తట్టడానికి ఇంకో తలుపు లేదు.

కార్యాలయానికి పెద్ద భానుమూర్తిగారు. కాటాలూ పడికట్టు రాళ్ళూ తనిఖీ చేస్తూ జుట్టు నెరిసి, రిటైరయ్యే వయసులో ఇక్కడికొచ్చినవాడు. పచ్చి నిజాయితీపరుడు. చాదస్తం మాత్రం మనిషికి రెండింతలు. మూలపు రాయిని వట్టిచేత్తో ముట్టుకోకూడదు, గాజుమూత కింద పెట్టాలి, ఊరికే వాడకూడదు, వాడితే అరుగుతుంది. ఆయన నేర్చిన విద్య అదీ. నూకరత్నాన్నీ అలాగే చూసుకున్నాడు. రోజూ తిట్లు వింటే మనిషి మొద్దుబారుతుంది, మొద్దుబారితే ముల్లు దిగిపోతుంది, రాష్ట్రమంతా బూతులపాలవుతుందని ఆయన భయం. అందుకని తూకం వేళ తప్ప ఆవిడ చెవిన పరుషమైన మాట పడకూడదని కట్టడి చేశాడు. తూకంలో కూడా ముల్లు అరవై దాటగానే వీడియో ఆపేస్తారు. అవసరానికి మించి అరగనివ్వకూడదు కదా.

ఇంట్లోనూ అదే కట్టడి. సన్నాసినాయుడిది పిండిమిల్లు. ఆ మోతలో బతికి బతికి గొంతు పెద్దదైపోయి, ఉప్పడిగితే వీధి చివరికి వినపడేది. పాపం ఆ మనిషి, కార్యాలయం వాళ్ళు వచ్చి నచ్చజెప్పాక, కట్టుకున్న పెళ్ళాన్ని 'మీరు' అనడం మొదలెట్టాడు. "భోంచేశారా" అని మెల్లగా అడుగుతుంటే నూకరత్నానికి ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టుండేది. అత్త పైడమ్మకి అంత నిగ్రహం చేతకాలేదు. కోడల్ని 'నీ జిమ్మడ' అనందే ఆవిడకి పొద్దున్న కాఫీ గొంతు దిగదు. ఆవిణ్ణి గాజువాకలో పెద్దకొడుకింటికి పంపించేశారు. కూతురు హైమ బడి దాటి ఇంటరుకొచ్చింది. కాలేజీలో ఏం జరిగినా బానే ఉందమ్మా అనేది. పక్కింట్లో చావు జరిగితే ఊరెళ్ళారని చెప్పారు.

మొదట్లో నూకరత్నానికి ఇదంతా మహారాణీ భోగంలా అనిపించింది, ఎందుకబద్ధం. ఏళ్ళ తరబడి చిల్లర దగ్గర తిట్లు తిన్న ప్రాణం. రానురాను మాత్రం ఇల్లు ఉప్పు వెయ్యని పప్పులా తయారైంది. తన వెనకాల అందరూ గుసగుసలాడుకుంటున్నట్టూ, తను గదిలోకి రాగానే మొహాలకి నవ్వులు తగిలించుకుంటున్నట్టూ ఉండేది. అడిగితే అబ్బే, ఏంలేదనేవారు.

ఇక బయట చూస్తే, ఏటికేడూ జనం నోళ్ళు పాడైపోతున్నాయని కార్యాలయం నివేదికలో తేలుతోంది. తీసెయ్యాల్సిన మాటలు పెరుగుతూనే ఉన్నాయి. పత్రికలు బుగ్గలు నొక్కుకున్నాయి. స్వాములు ఉపన్యాసాలిచ్చారు. బళ్ళలో 'మంచిమాట' అని ఒక పీరియడు పెట్టారు.

నాలుగో ఏడు, వినాయకచవితి వెళ్ళాక, వంతల దేవమ్మ అప్పీలు తూకానికొచ్చింది.

దేవమ్మది ఏజెన్సీలో ఒక కొండ ఊరు. మూడు బస్సులు మారి వచ్చి, వరండాలో బెంచీ మీద గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అప్పీలు చేసుకున్నవాళ్ళు మూలముల్లుని చూడకూడదు, మాట్లాడకూడదు. ఆవిడ గుమాస్తాతో విషయం చెప్పబోతే, ఇక్కడ తూకమే తప్ప విచారణ లేదమ్మా, మీ వీడియో ఏం చెప్తే అదే అన్నాడు.

లోపల స్టెల్లా అనే సాంకేతికురాలు నూకరత్నానికి పట్టీ కట్టి వీడియో పెట్టింది. మట్టిగోడ ముందు ఒక ఆడమనిషి కూర్చునుంది, చేతిలో పిల్లాడి బడి చొక్కా. "మా వోడి పేరు రాజబాబు. అయిదో తరగతి. హాస్టల్లో చదివేవోడు," అని మొదలెట్టింది. ఆ తర్వాత మాట రాగంలోకి తిరిగింది. కొండవాగులో పీతలు పట్టేవాడంట. హాస్టల్లో ఇచ్చిన బిస్కట్లు తను తినకుండా చెల్లికోసం జేబులో దాచి తెచ్చేవాడంట, పొడైపోయినా సరే. చొక్కా జేబు తిరగేసి చూపించింది ఆ తల్లి, అందులో ఇంకా బిస్కట్టు పొడి ఉంది. ముల్లు సర్రున లేచి అరవై దాటి, డెబ్భై నాలుగు దగ్గర వణికింది. స్టెల్లా ఆపేసింది. భానుమూర్తిగారు కళ్ళజోడు తుడుచుకుని, తొలగింపు ఖాయం అని ముద్ర వేశాడు.

నూకరత్నం కళ్ళొత్తుకుని, ఆ తర్వాత ఏం చెప్పిందని అడిగింది. ఇక్కడెవరికీ తెలీదని స్టెల్లా చెప్పింది. కంపెనీల దగ్గర పిల్లముళ్ళు కూడా అక్కడే ఆపేస్తాయి, ఇక్కడ గానీ అక్కడ గానీ ఆ పైన చూసిన నాథుడు లేడు. భానుమూర్తిగారు బయటికెళ్ళాక గొంతు తగ్గించి ఇంకో ముక్క కూడా చెప్పింది. పిల్లాడు హాస్టల్లో పోయాడు. జొరం అన్నారు. తల్లి నలుగురికీ తెలియాలని వీడియో పెడితే గంటలో తీసేశారు. ఊళ్ళోవాళ్ళు మళ్ళీ పెట్టారు, మళ్ళీ తీసేశారు. ఈ ముల్లు ముందే ఇంకొక్క పునఃపరిశీలన మిగిలింది, అదీ పోతే ఇక అంతే.

నూకరత్నం కిటికీలోంచి వరండాలోకి చూసింది. గుమాస్తా ఏదో చెప్తుంటే ఆ తల్లి తలూపుతోంది. ఆ గొంతు మీద కాలు వేసి నొక్కింది తన నరమే. కావాలని చెయ్యలేదు, నిజమే. కానీ ఆ మాట ఆవిడకెవరు చెప్తారు, చెప్తే మాత్రం ఏం ఊరట? ఆ రోజు నుంచీ నూకరత్నానికి అన్నం సయించలేదు. ఎలాగైనా ఆవిడ మాట బయటికి రావాలని ఒకటే ఆరాటం.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. ఇంట్లో ఊపిరాడక, ఎవరికీ చెప్పకుండా రైతుబజారుకి వెళ్ళింది. బీరకాయలు తిరగేసి తిరగేసి చూస్తుంటే అమ్మేవాడు విసుక్కుని, కొంటే కొను, లేపోతే దారిడిసి పో అన్నాడు. అంతే. నూకరత్నం బీరకాయలు అక్కడే వదిలేసింది. బస్టాపు దాకా వచ్చి, కొంగు అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపు అయ్యాక తనకే వింతగా తోచింది. ఎలాంటి నూకరత్నం! అర్ధరూపాయి దగ్గర నీ వంశం నాశనమైపోను అన్నవాణ్ణి, అయితే నాయనా ముందు టికెట్టు తీసుకో అన్న నూకరత్నం, బీరకాయలవాడి మాటకి ఏడవడమేమిటి?

మర్నాడు భానుమూర్తిగారి గదికెళ్ళి నిలబడింది.

"నన్ను అరిగిపోకుండా దాచారు కదా సార్. ఇత్తడి వాడితే అరుగుద్దేమో గానీ మనిషి అలగ కాదు. చెప్పుల్లేకుండా తిరిగిన కాలిని నాలుగేళ్ళు మంచం మీద పెడితే, గడప దాటినా గుచ్చుకుంటాది. నాకు అలగే అయినట్టుంది."

ఆయన లేచి, ఇనప్పెట్టెలోంచి ఒక సీలు వేసిన పొట్లం తీశాడు. నూకరత్నాన్ని ఎంపిక చేసిన రోజున వినిపించిన తిట్లు, అప్పటి అంకెలు. మళ్ళీ మళ్ళీ వినిపిస్తే అరుగుతుందని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా విప్పలేదు. ఆ రోజు విప్పి, ఆవిడకి పట్టీ కట్టించి వినిపించాడు. 'నీ జిమ్మడ' అన్న మాటకి ఆనాడు ముల్లు అయిదు దగ్గర ఆగింది. ఇప్పుడు నలభై దాటింది. మిగిలినవీ అంతే.

భానుమూర్తిగారు కుర్చీలో కూలబడిపోయాడు. జనం నోళ్ళు పాడవలేదు, ముల్లే సుకుమారమైపోయింది. మూలమే మారిపోతే మారిందని చెప్పేది ఎవరు? పిల్లముళ్ళన్నిటినీ దానితోనే సరిచూస్తుంటే అన్నీ దానితోపాటే నడిచాయి. ఈ సంగతి పొక్కితే కంపెనీలు కోర్టుకెక్కుతాయి, చట్టం పోతుంది, మళ్ళీ పైనుంచి ఫోన్లు మొదలవుతాయి. ఆయన జీవితంలో మొదటిసారి ఒక తప్పుడు కాటాని నలుగురికీ చెప్పకుండా బాగుచేద్దామనుకున్నాడు. నూకరత్నానికి రెండు నెలలు సెలవు రాసి, డిపో మేనేజరుతో మాట్లాడి, పాత ఉద్యోగంలోకి పంపించాడు. తిట్లు తిని రా అమ్మా అని దీవించి పంపినవాడు లోకంలో ఆయనొక్కడే అయ్యుంటాడు. ఆవిడ తిరిగొచ్చాక ముల్లు సరిపోతే, దేవమ్మ వీడియో మళ్ళీ తూస్తారు. ఈసారి నెగ్గుతుందని ఆయనకి నమ్మకం. నూకరత్నానికైతే సందేహమే లేదు.

చోడవరం వెళ్ళే పల్లెవెలుగు బస్సు అది. మొదటి వారం నరకం. చిల్లర లేదంటే ఒకడు కసిరాడు, స్టాపు దాటించావని ఇంకొకావిడ శాపనార్థాలు పెట్టింది, ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ కుర్రాళ్ళు పేరు పెట్టి పాట కట్టారు. ట్రిప్పు అయ్యాక ఖాళీ బస్సులో వెనక సీట్లో కూర్చుని ఏడ్చేది. డ్రైవరు చూసీ చూడనట్టు టీకి వెళ్ళిపోయేవాడు. రెండోవారం ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మూడోవారం కోపం స్థానంలో మాట వచ్చింది. తాగొచ్చి టికెట్టు తియ్యనన్నవాడితో, నాయనా నువ్వు ఊగుతున్నావా బస్సు ఊగుతుందా చెప్పు, బస్సైతే టికెట్టు వద్దులే అంది. బస్సంతా ఘొల్లుమంది. తాగినవాడు కూడా నవ్వి డబ్బులు తీశాడు.

కార్తీకమాసం వచ్చేసరికి ఇల్లు మళ్ళీ ఇల్లయింది. గాజువాక నుంచి అత్తని తీసుకొచ్చారు. గుమ్మంలోనే పైడమ్మ "నీ జిమ్మడ, నన్ను తరిమేసి సుఖపడ్డావటే" అంటే, నూకరత్నం ఆవిణ్ణి కావలించుకుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. సన్నాసినాయుడు 'మీరు' మానేసి, పప్పులో ఉప్పేదే అని కార్యాలయం క్వార్టర్లన్నీ దద్దరిల్లేలా కేకేశాడు. తోటలో వనభోజనాలకెళ్ళి అందరూ ఒకళ్ళనొకళ్ళు పడీపడీ వేళాకోళం చేసుకున్నారు. తన ఒంట్లోకి మళ్ళీ నెత్తురెక్కినట్టుంది నూకరత్నానికి. ఇన్నేళ్ళలో అంత సంతోషంగా ఎప్పుడూ లేదు.

ఆ సాయంత్రమే హైమ దగ్గరికొచ్చి కూర్చుని, పోయినేడు ఫిజిక్సు తప్పానని, ఎండాకాలంలో మళ్ళీ రాసి గట్టెక్కానని చెప్పింది. తప్పినందుకు కాదు గానీ, ఆ ఎండల్లో పిల్ల ఒక్కతీ కుమిలిపోయి ఉంటుందే అనుకుని నూకరత్నం పిల్లని దగ్గరికి లాక్కుంది. నాకెందుకు చెప్పలేదే అంది.

"చెప్తే నీకు నొప్పొస్తుంది. నీకేది నొప్పొచ్చినా తీసేస్తారు కదమ్మా," అంది హైమ.

ఆ మాట నూకరత్నం మనసులో ఉండిపోయింది.

చలి ముదిరాక, ధనుర్మాసంలో రెండో తూకం పెట్టారు. దేవమ్మ మళ్ళీ మూడు బస్సులు మారి వచ్చి అదే బెంచీ మీద కూర్చుంది. లోపల ముందు పాత తిట్ల పొట్లం పెట్టారు. 'నీ జిమ్మడ'కి ముల్లు అయిదు దగ్గర బుద్ధిగా ఆగింది. మిగిలిన తిట్లకీ మొదటిరోజు అంకెలే. భానుమూర్తిగారి మొహంలో వెలుగు చూడాలి. ఆయన స్టెల్లా వైపు తిరిగి, ఇక ఆ తల్లి వీడియో పెట్టమ్మా అన్నాడు, పండక్కి బట్టలు పంచిపెట్టేవాడిలా.

మట్టిగోడ, చొక్కా, పీతలు. ముల్లు ముప్ఫై, నలభై. జేబు తిరగేసి బిస్కట్టు పొడి చూపించేసరికి అరవై దాటింది. అక్కడా ఆగలేదు, డెబ్భై ఎనిమిది. పోయినసారి కంటే ఎక్కువ. స్టెల్లా చెయ్యి మీట మీదికి వెళ్ళింది.

"ఆపకమ్మా," అంది నూకరత్నం.

భానుమూర్తిగారు తెల్లబోయి చూస్తున్నాడు. ముల్లు సరిగ్గానే ఉంది కదా, ఇప్పుడే చూశాం కదా అని గొణిగాడు.

"ముల్లు సరిగ్గానే ఉంది సార్. అప్పుడూ దీని విషయంలో తప్పు చెప్పలేదు," అంది నూకరత్నం కన్నీళ్ళు తుడుచుకోకుండానే. "బూతు వింటే నొప్పి. బిడ్డ పోయిన తల్లి మాట వింటే అంతకంటే నొప్పి. ముల్లుకి రెండూ ఒకటే. నాకు ఒకటి కాదు. నన్నెవరూ అడగలేదు."

"ఏమని అడగాలి?"

"తీసెయ్యమంటావా అని."

భానుమూర్తిగారు ముద్ర పట్టుకుని అలాగే కూర్చున్నాడు. పడికట్టు రాయిని ఎవరూ ఏదీ అడగరు. అడిగితే అది రాయి కాదు, మనిషి. మనిషే చెప్పేటట్టయితే ఆ మనిషికి ఫోన్ చేసేవాళ్ళుంటారు, బెదిరించేవాళ్ళుంటారు, మొహం చూసి చెప్పడమూ ఉంటుంది. ఈ మొత్తం చట్టం కట్టుకున్నదే అది జరగకూడదని. అదంతా ఆయనకి తెలుసు, మనందరికంటే బాగా తెలుసు. ఎదురుగా నూకరత్నం మొహం చూశాడు. నాలుగేళ్ళలో ఆయన చూసింది ముల్లునే, ఆ మొహాన్ని కాదు.

"తీసెయ్యమంటారా, నూకరత్నం గారూ?" అన్నాడు.

"వద్దు. నొప్పి పెట్టాలి సార్, పెట్టనీండి. ఆవిడ ఆఖరున ఏం చెప్పిందో విందాం."

వీడియో సాగింది. ముల్లు ఎనభై దాటింది. నూకరత్నం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. దేవమ్మ పాడి పాడి అలిసిపోయింది. చీరకొంగుతో మొహం తుడుచుకుని, చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది. తర్వాత మామూలు గొంతుతో, సంతలో ఎవరికో దారి చెప్తున్నట్టు చెప్పింది.

"మా వోడు ఎలాగూ పోయాడు. మీరు నాకోసం ఏడవొద్దు. హాస్టలు ఎనకాల బోరు నీళ్ళు వానలు పడ్డకాడ్నించీ కంపు కొడతన్నాయని మా వోడు సెప్పాడు. వార్డెన్ని అడిగితే జొరమన్నాడు. ఆఫీసుకెళ్తే కాయితం తీసుకున్నారు. మిగతా పిల్లలు ఆ నీళ్ళే తాగుతున్నారు. ఎవరైనా పెద్దోళ్ళు సూస్తే, వచ్చి ఆ బోరు మూయించండి."

అక్కడితో అయిపోయింది. ఆ చివరి మాటలకి ముల్లు పదికి దిగిపోయిందని తర్వాత రికార్డు చూసి స్టెల్లా చెప్పింది గానీ, అప్పుడు దాని వైపు చూసినవాళ్ళు లేరు. స్టెల్లా నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. వానల్లో తీసిన వీడియో. ఇది చలికాలం.

భానుమూర్తిగారు ముద్రని పక్కకి నెట్టేశాడు. వీడియోని జనంలోకి వదిలెయ్యమని స్టెల్లాకి చెప్పి, కలెక్టరుకి ఫోన్ కలిపాడు. సాయంత్రానికల్లా ఆ కుర్చీ తనది కాదని ఆయనకి తెలుసు. చట్టం ఏమవుతుందో తెలీదు. అవతలివాళ్ళు ఫోన్ ఎత్తగానే బోరు, హాస్టలు, పిల్లలు అని తడబడుతూ మొదలెట్టాడు.

నూకరత్నం తల పట్టీ పీకి, దారాలు తెంపుకుని వరండాలోకి పరిగెత్తింది. ఇప్పటికైనా ఆ తల్లికి ఒక మంచి మాట చెప్పాలి. బెంచీ మీద దేవమ్మ చలికి ముడుచుకుని కూర్చునుంది.

"అమ్మా, నీ వీడియో చివరికంటా విన్నామమ్మా. నెగ్గింది. బోరు మూయించమని సారు ఫోన్లో చెప్తున్నారు."

దేవమ్మ తలెత్తి చూసింది. ఈ మనిషెవరో ఆవిడకి తెలీదు.

"ఇప్పుడా?" అంది.

ఆ బోరులో తమ ఊరి ఆడవాళ్ళే వెళ్ళి రాళ్ళు పోసేశారని దేవమ్మ చెప్పింది. ఊళ్ళో కిల్లో ఇంటిపేరువాళ్ళ పాప కూడా పోయాక పోశారంట. దాని అమ్మకి వీడియో తియ్యడం చాతకాదు, తీసినా ఉంచరని తెలుసు. అందుకే తను మళ్ళీ వచ్చింది, తన కొడుకు వీడియో నిలిస్తే ఆ పాప సంగతి కూడా ఎవరైనా అడుగుతారేమోనని.

పాప ఎప్పుడు పోయిందని నూకరత్నం అడిగింది.

"కార్తీకంలో," అంది దేవమ్మ.

కార్తీకంలో నూకరత్నం తోటలో కూర్చుని నవ్వుతోంది. ముల్లు సరిచేసుకుంటోంది. తను ఇన్నేళ్ళలోకల్లా సంతోషంగా ఉన్న నెల అది. ఆవిడ బెంచీ మీద దేవమ్మ పక్కన కూర్చుండిపోయింది. కట్టిన పట్టీ లేదు, దారాలు లేవు, ఈ నొప్పి ఎంతో చూపించే ముల్లు ఎక్కడా లేదు. ఆ పాప పేరేమిటని అడిగింది. దేవమ్మ పేరు చెప్పి, ఆ పిల్ల ఎలా ఉండేదో మొదలుపెట్టింది. నూకరత్నం వింటూ కూర్చుంది.